గోరంత ఆవేశం, కొండంత బలం

రెండు వస్తువుల నడుమ పనిచేసే స్థిర విద్యుత్ బలం ఎంత అన్నది రెండు సంగతుల మీద ఆధారపడి ఉంటుంది: వాటి మీద చేరిన విద్యుదావేశం ఎంత, వాటి మధ్య దూరం ఎంత. ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం విద్యార్థులు ఒకే సూత్రంగా కంఠస్థం చేసే ఈ విషయంలో ఆవేశానికీ దూరానికీ సమానమైన పాత్ర ఉన్నట్టు పైకి కనిపిస్తుంది గాని, లోకంలో నిజంగా జరిగే వాటిని పరిశీలిస్తే ఆ సమానత్వం నిలవదు. ఆవేశాన్ని ఒకచోట పోగుచేయడం ప్రకృతికైనా మనిషికైనా కష్టసాధ్యం కాగా, దూరం తగ్గడం సులభం, పైగా తగ్గిన దూరం బలాన్ని రెట్టింపు చేసి ఊరుకోక నాలుగింతలు, తొమ్మిదింతలు చేసుకుంటూ పోతుంది. హైదరాబాదు నుంచి నాగార్జునసాగర్‌కు వెళ్ళే రహదారి మీద ఉన్న ఇబ్రహీంపట్నం, కుతుబ్‌షాహీల కాలం నాటి పెద్దచెరువుతోనూ, చుట్టుపక్కల పొలాల్లో తలెత్తి నిలిచిన తాటిచెట్లతోనూ, కళాశాలల ఎదుట వెలసిన జిరాక్స్ దుకాణాలతోనూ, ఇటీవల వచ్చిన ఎలక్ట్రానిక్స్, విమాన భాగాల కర్మాగారాలతోనూ కలిసి, ఈ నియమం ఎన్ని రూపాల్లో పనిచేస్తుందో చూడడానికి తగిన చోటు.

విద్యుదావేశమంటే ఏమిటన్న ప్రశ్నకు సూటి నిర్వచనం చెప్పడం కష్టం. ద్రవ్యరాశి ఎలాగో ఆవేశం కూడా అలాగే పదార్థానికి ఉన్న మౌలిక గుణాల్లో ఒకటని, అది కలిగించే బలం ద్వారానే దాని ఉనికి తెలుస్తుందని చెప్పుకోవాలి. పరమాణువు నడుమ ఉన్న కేంద్రకంలోని ప్రోటాన్లకు ధనావేశం, చుట్టూ ఉన్న ఎలక్ట్రాన్లకు రుణావేశం ఉంటాయి. రెండూ పరిమాణంలో సరిసమానం కావడం వల్ల మామూలు వస్తువు బయటికి ఏ ఆవేశమూ లేనట్టు, అంటే తటస్థంగా కనిపిస్తుంది. పొడి జుట్టును ప్లాస్టిక్ దువ్వెనతో దువ్వినప్పుడు కొత్త ఆవేశమేదీ పుట్టదు. జుట్టు మీది ఎలక్ట్రాన్లు కొన్ని దువ్వెన మీదికి చేరడంతో దువ్వెనకు రుణావేశం, వాటిని పోగొట్టుకున్న జుట్టుకు అంతే ధనావేశం మిగులుతాయి. ఇలా పారకుండా ఒకచోట నిలిచి ఉన్న ఆవేశాన్నే స్థిర విద్యుత్తు అంటారు. రుద్దిన అంబర్ మణి గడ్డిపోచలను లాగుతుందన్న సంగతి ప్రాచీనులకు తెలుసు. సంస్కృతంలో దానికున్న తృణమణి అన్న పేరు ఆ గుణాన్నే చెబుతుంది, గ్రీకులు అదే మణికి పెట్టుకున్న పేరు నుంచే ఎలక్ట్రాన్ అన్న మాట పుట్టింది. ఆవేశాలు రెండు రకాలని 1733 ప్రాంతంలో ఫ్రాన్సుకు చెందిన షార్ల్ ద్యూఫే గుర్తించగా, వాటికి ధన, రుణ నామాలు బెంజమిన్ ఫ్రాంక్లిన్ వల్ల స్థిరపడ్డాయి. ఒకే రకమైనవి, అంటే సజాతి ఆవేశాలు, వికర్షించుకుంటాయి. భిన్నమైనవి, అంటే విజాతి ఆవేశాలు, ఆకర్షించుకుంటాయి.

ఆకర్షణ, వికర్షణ ఉన్నాయని తెలియడం వేరు, అవి ఎంత అని కొలవడం వేరు. దూరంతో పాటు ఈ బలం ఏ లెక్కన తగ్గుతుందన్నది 18వ శతాబ్దపు ద్వితీయార్ధంలో పలువురిని వేధించిన ప్రశ్న. ఆవేశం నింపిన లోహపు పాత్ర లోపలి భాగంలో బలమేమీ కనబడకపోవడాన్ని ఆధారంగా తీసుకుని, ఇది గురుత్వాకర్షణలాగే దూరపు వర్గానికి విలోమంగా మారుతుందేమోనని జోసెఫ్ ప్రీస్ట్లీ 1767లో ఊహించాడు. హెన్రీ కావెండిష్ కొన్నేళ్ళకే ఒక గోళం లోపల మరో గోళాన్ని అమర్చి ఆ ఊహను చాలా సూక్ష్మంగా నిర్ధారించాడు గాని, స్వభావరీత్యా ఏకాంతప్రియుడైన ఆయన దాన్ని ప్రచురించనే లేదు. ఆ కాగితాలు జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ సంపాదకత్వంలో 1879లో వెలుగు చూసేనాటికి నియమానికి వేరొకరి పేరు స్థిరపడి దాదాపు శతాబ్దం కావస్తోంది. ఆ పేరు ఫ్రెంచి సైన్యంలో ఇంజినీరుగా పనిచేసి, మార్టినీక్ దీవిలో కోట కట్టించి, ఆరోగ్యం చెడి స్వదేశానికి తిరిగివచ్చిన షార్ల్ ఒగుస్త్ ద కూలుమ్‌ది.

1785లో కూలుమ్ వాడిన పరికరాన్ని విమోటన త్రాసు అంటారు, విమోటనమంటే మెలిక. సన్నని వెండి తీగకు ఒక అడ్డపుల్లను వేలాడదీసి, ఆ పుల్ల కొసన చిన్న బెండు బంతిని అమర్చి, దాని పక్కనే కదలని మరో బంతిని ఉంచి, రెండింటికీ ఒకే రకం ఆవేశాన్ని ఇస్తే, వికర్షణ వల్ల వేలాడే బంతి దూరంగా జరుగుతుంది, తీగ మెలిపడుతుంది, ఎంత మెలిపడిందన్నది బలానికి కొలత అవుతుంది. మొదట బంతులు 36 డిగ్రీల ఎడంలో నిలిచాయి, అంటే తీగలోని మెలిక 36 డిగ్రీలు. పైనున్న మీటను ఎదురు దిశలో 126 డిగ్రీలు తిప్పి బంతిని దగ్గరికి నెట్టినప్పుడు ఎడం 18 డిగ్రీలకు తగ్గింది. అప్పటి మొత్తం మెలిక 126కు 18 కలిపి 144. మీటను 567 డిగ్రీలకు తిప్పినప్పుడు ఎడం ఎనిమిదిన్నర డిగ్రీలకు చేరింది. మొత్తం మెలిక 575న్నర. ఎడం సగమైనప్పుడు బలం 36 నుంచి 144కు, అంటే సరిగ్గా నాలుగింతలకు పెరగగా, ఇంచుమించు పావు వంతైనప్పుడు పదహారింతలైంది. ఎనిమిదిన్నరకు బదులు 9 డిగ్రీలు వచ్చి ఉంటే లెక్క మరింత చక్కగా కుదిరేదే. గాలిలోకి కొంత ఆవేశం జారిపోవడం వంటి కారణాలు కూలుమ్‌కు తెలియనివి కావు. మూడే మూడు కొలతలతో ఇంత పెద్ద నియమాన్ని నిలబెట్టడం సాహసమే అనిపించినా, తర్వాతి తరాల కొలతలు ఆయన సాహసాన్ని సమర్థించాయి: 1971లో అమెరికాలో విలియమ్స్, ఫాలర్, హిల్ అనే ముగ్గురు చేసిన ప్రయోగం ప్రకారం, దూరపు ఘాతం 2కు బదులు మరేదైనా అయితే ఆ తేడా దశాంశ బిందువు తర్వాత పదిహేను సున్నాలు దాటాకే మొదలవ్వాలి.

ఆవేశపు పాత్రను పరీక్షించే ఉపాయం ఇంకా సులువైనది. ఆవేశమున్న గోళాన్ని అచ్చం అలాంటిదే అయిన ఆవేశం లేని గోళానికి తాకిస్తే, ఉన్నదంతా రెండింటికీ సమంగా పంచబడుతుంది, కనుక ఎంత ఉందో తెలియకపోయినా సగమైందని మాత్రం నిస్సందేహంగా చెప్పవచ్చు. ఒక గోళంలో ఆవేశం సగమైతే బలం సగమవుతుంది, రెండింటిలోనూ సగమైతే పావు వంతవుతుంది. బలం రెండు ఆవేశాల లబ్ధానికి అనులోమానుపాతంలో, వాటి మధ్య దూరపు వర్గానికి విలోమానుపాతంలో ఉంటుందన్న కూలుమ్ నియమానికి అర్థం ఇదే. అంటే ఒక వస్తువు మీది ఆవేశాన్ని మూడింతలు చేస్తే బలం మూడింతలే అవుతుంది, దూరాన్ని మూడో వంతుకు తగ్గిస్తే మాత్రం తొమ్మిదింతలవుతుంది.

వర్గమే ఎందుకు, ఘనమో మరొకటో ఎందుకు కాదు అన్న సందేహానికి సమాధానం స్థలపు జ్యామితిలో ఉంది. ఆరుబయట వెలిగించిన దీపం నుంచి వచ్చే వెలుతురు అన్ని దిక్కులకూ పరుచుకుంటుంది. రెండు గజాల దూరంలో ఆ వెలుతురు నింపవలసిన గోళపు ఉపరితలం ఒక గజం దూరంలోని దానికి నాలుగింతలు కనుక, అక్కడ పుస్తకం మీద పడే వెలుగు నాలుగో వంతే. ఆవేశపు ప్రభావం కూడా అలాగే మూడు కొలతల స్థలంలో పలచబడుతుంది. మూలం బిందువు కానప్పుడు పలచబడే తీరు కూడా మారుతుంది: పొడవాటి తీగ మీద పరుచుకున్న ఆవేశపు ప్రభావం దూరంతో మామూలు విలోమానుపాతంలోనే తగ్గుతుంది, విశాలమైన పలక దగ్గరైతే దాదాపు తగ్గనే తగ్గదు. కూలుమ్ నియమం దూరంతో పోలిస్తే చిన్నవైన వస్తువులకే నేరుగా వర్తిస్తుందన్న షరతును పాఠం చెప్పేవారు తరచుగా దాటవేస్తారు.

ఇక అంకెల్లోకి దిగితే ఈ బలపు అసలు స్వరూపం తెలుస్తుంది. ఆవేశాన్ని కొలిచే ప్రమాణానికి కూలుమ్ పేరే పెట్టారు. ఒక్కొక్క కూలుమ్ ఆవేశం ఉన్న రెండు వస్తువులను ఒక మీటరు దూరంలో ఉంచితే వాటి మధ్య బలం సుమారు 900 కోట్ల న్యూటన్లు, అంటే తొమ్మిది లక్షల టన్నుల బరువుతో సమానం. పది టన్నుల సరుకు మోసే లారీలు తొంభై వేలకు పైగా కావాలి ఆ బరువును మోయడానికి. ఇంతటి బలం నిత్యజీవితంలో ఎక్కడా కనిపించదు, ఎందుకంటే అంత ఆవేశాన్ని చిన్న వస్తువు మీద ఎవరూ నిలపలేరు. ఆవేశపు తునకలే ఒకదాన్నొకటి తరిమికొడతాయి, చుట్టూ ఉన్న గాలి తట్టుకోలేక తెగిపోతుంది. చలికాలపు పొడి పూట నైలాన్ దుస్తులతో ప్లాస్టిక్ కుర్చీలోంచి లేచిన మనిషి దేహం మీద 3,000 వోల్టులు చేరాయనుకుంటే, అప్పటి ఆవేశం ఒక కూలుమ్‌లో కోటి భాగాల్లో మూడు భాగాలు మాత్రమే. అంటే సుమారు రెండు లక్షల కోట్ల ఎలక్ట్రాన్లు అటో ఇటో అయ్యాయన్న మాట. సంఖ్య పెద్దదిగా తోచినా, దేహంలో ఉన్న మొత్తం ఎలక్ట్రాన్లలో అది నూరు కోట్ల కోట్లకు ఒకటి. అంతే ఆవేశం గల రెండు చిన్న గోళాలు మీటరు దూరంలో ఉంటే వాటి మధ్య బలం 83 మిల్లీగ్రాముల బరువుకు సమానం, చేతికి తెలియనే తెలియదు. వాటినే పది సెంటీమీటర్లకు జరిపితే ఆవేశం పిసరంతైనా పెరగకుండానే అది నూరింతలై ఎనిమిది గ్రాములు దాటుతుంది.

పరమాణువు దగ్గరికి వెళ్తే చేరువ మహిమ పరాకాష్ఠకు చేరుతుంది. హైడ్రోజన్ పరమాణువులో ప్రోటాన్‌కూ ఎలక్ట్రాన్‌కూ మధ్య దూరం మిల్లీమీటరులో రెండు కోట్లవ వంతు. అక్కడ వాటి నడుమ ఉన్న విద్యుత్ ఆకర్షణ వాటి మధ్యనే ఉన్న గురుత్వాకర్షణ కంటే 23 పక్కన 38 సున్నాలు పెట్టినన్ని రెట్లు ఎక్కువ. నేల గట్టిగా ఉండడం, రాయి విరగకపోవడం, తాడు తెగకపోవడం అన్నీ ఈ చేరువలోని విద్యుత్ బలాల చలవే. అయితే మధ్యలో ఏముందన్నది కూడా లెక్కకు వస్తుంది. పైన చెప్పిన అంకెలన్నీ శూన్యానికి, ఇంచుమించు గాలికి చెందినవి. నీటిలో అదే ఆవేశాల మధ్య, అదే దూరంలో, బలం సుమారు ఎనభయ్యో వంతుకు పడిపోతుంది, ఎందుకంటే నీటి అణువులు ప్రతి ఆవేశం చుట్టూ మూగి దాని ప్రభావాన్ని చాలావరకు కప్పివేస్తాయి. సోడియం, క్లోరిన్ అయాన్లు, అంటే ఆవేశం గల పరమాణువులు, ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉన్న ఉప్పుకల్లు కొలిమి వేడికి గాని కరగనిది, గ్లాసెడు నీళ్ళలో ఇట్టే విడిపోవడం వెనక ఉన్న రహస్యం ఇదే.

ఈ చర్చలో అందరూ చూసినదే అయినా కొందరే ఆలోచించిన విషయం ఒకటుంది. దువ్వెన కాగితపు ముక్కను లాగుతుంది. ఆ కాగితం మీద ఆవేశమే లేదు. ఆవేశాల లబ్ధం సున్నా అయినప్పుడు సూత్రం ప్రకారం బలం కూడా సున్నా కావాలి కదా? ఇక్కడే దూరం తన అసలు పని చేస్తుంది. రుణావేశం గల దువ్వెన దగ్గరికి రాగానే కాగితంలోని ఎలక్ట్రాన్లు రవ్వంత వెనక్కి జరిగి, ఎదురుగా ఉన్న వైపు ధనావేశం, అవతలి వైపు అంతే రుణావేశం తేలుతాయి. దీన్నే ప్రేరణ లేదా ధ్రువణం అంటారు. ఇవతలి వైపును దువ్వెన లాగుతుంది, అవతలి వైపును నెడుతుంది. ఒక మిల్లీమీటరు మందం గల తునక దువ్వెనకు పది మిల్లీమీటర్ల దూరంలో ఉంటే ఇవతలి వైపు పది, అవతలి వైపు పదకొండు మిల్లీమీటర్ల దూరంలో ఉంటాయి. వర్గాల లెక్కన లాగుడు 121 పాళ్ళయితే నెట్టుడు 100 పాళ్ళు, మిగిలేది 21 పాళ్ళ ఆకర్షణ. దూరాన్ని ఇరవై మిల్లీమీటర్లకు పెంచితే ఆ మిగులు మూడు పాళ్ళ లోపుకు దిగుతుంది. పైగా దువ్వెన ప్రభావమే పావు వంతైనందువల్ల కాగితంలో ఆవేశాలు విడివడడం కూడా పావు వంతుకు తగ్గి, చివరికి చేతికి చిక్కేది ముప్పాతిక పాలుకన్నా తక్కువ. రెట్టింపు దూరానికి బలం నాలుగో వంతు కాదు, ముప్పయ్యో వంతు. దువ్వెన ఒక హద్దు దాకా ఏమీ పట్టనట్టుండి, ఆ హద్దు దాటగానే కాగితం ఒక్కసారిగా ఎగిరి అంటుకోవడానికి కారణం ఇంత తీవ్రమైన తగ్గుదలే. తటస్థమైన వస్తువును లాగే ఈ ఆకర్షణ పూర్తిగా దూరం పెట్టిన భిక్ష.

ఇబ్రహీంపట్నం పరిసరాల్లో శేరిగూడ, మంగళ్‌పల్లి, ఖానాపూర్ వైపు ఉన్న ఇంజినీరింగ్ కళాశాలల విద్యార్థులు నోట్సు కాపీలు తీయించుకునే జిరాక్స్ యంత్రంలో ఈ నియమమే కూలి పని చేస్తోంది. యంత్రంలోని గుండ్రటి డ్రమ్ము మీద వెలుతురు పడితే గాని ఆవేశాన్ని వదలని పూత ఉంటుంది; మొదట దాని నిండా ఆవేశం చల్లి, అసలు కాగితపు బొమ్మను వెలుతురు రూపంలో దాని మీద పడేస్తే, తెల్లని భాగాల్లో ఆవేశం జారిపోయి అక్షరాలున్న చోట మాత్రమే నిలుస్తుంది. మిల్లీమీటరులో నూరో వంతంత ఉండే టోనర్ రేణువులు అక్కడికే వచ్చి అంటుకుంటాయి. వాటిని డ్రమ్ము నుంచి ఊడదీయాలంటే కాగితం డ్రమ్మును దాదాపు ఒరుసుకుంటూ పోవాలి, దాని వీపు మీద వ్యతిరేక ఆవేశం ఉండాలి. ఆ చేరువ లేకపోతే ఎంత ఆవేశం చల్లినా అక్షరం కాగితం మీదికి దూకదు. వానాకాలంలో చెమ్మ పట్టిన కాగితం మీద ఆవేశం నిలవదు కనుకనే కాపీలు వెలిసిపోయినట్టు వస్తాయి, తప్పు దుకాణదారుది కాదు. న్యూయార్క్ నగరంలోని అస్టోరియాలో అద్దె గదిలో గంధకం పూసిన జింకు పలకతో ఈ పద్ధతిని కనిపెట్టిన చెస్టర్ కార్ల్‌సన్ 1938 అక్టోబరు 22న తీసిన మొదటి కాపీ మీద ఉన్నవి ఆనాటి తేదీ, ఆ ఊరి పేరు మాత్రమే.

ఇబ్రహీంపట్నం మండలంలోని కొంగర కలాన్‌లో ఫాక్స్‌కాన్ సంస్థ ఎలక్ట్రానిక్స్ కర్మాగారానికి 2023 మే 15న శంకుస్థాపన జరిగింది. ఇటువంటి కర్మాగారాలన్నిటికీ స్థిర విద్యుత్తు మిత్రుడు కాదు, శత్రువు. గాలి మీటరుకు సుమారు 30 లక్షల వోల్టుల దాకా తట్టుకుంటుంది, అంటే మిల్లీమీటరుకు 3,000 వోల్టులు; అందుకే చలికాలంలో తలుపు గొళ్ళేనికి వేలు మిల్లీమీటరు దూరంలోకి రాగానే చిటుక్కుమని నిప్పురవ్వ ఎగురుతుంది, వోల్టేజి అంతకు తక్కువైతే మనిషికి తెలియనే తెలియదు. చిప్పులోని పలచని సిలికాన్ డయాక్సైడు పొర గాలికంటే ఎంతో గట్టిది, మీటరుకు నూరు కోట్ల వోల్టుల స్థాయి దాకా ఓర్చుకోగలదు. కాని ఆ పొర మందం ఐదు నానోమీటర్లయితే, అంటే మీటరులో నూరు కోట్లవ వంతులు ఐదైతే, ఆ ఓర్పు విలువ కేవలం ఐదు వోల్టులు. ఎదురుగా ఉన్న ఆవేశాలు అంత చేరువై కూర్చున్న చోట, మనిషి చర్మానికి స్పర్శగా కూడా తెలియని విద్యుత్తు వేల రూపాయల చిప్పును కాల్చేస్తుంది. అందుకే ఆ పనివారు మణికట్టుకు నేలతో కలిపిన పట్టీ కట్టుకుంటారు. ఆ పట్టీ తీగలో పది లక్షల ఓమ్‌ల నిరోధాన్ని ఉంచడం వల్ల ఆవేశం నెమ్మదిగా దిగిపోతుంది, పొరపాటున కరెంటు తీగ తగిలినా మనిషికి ప్రాణాపాయం ఉండదు.

మరో పక్క ఆదిభట్లలో టాటా, లాక్‌హీడ్ మార్టిన్ సంస్థల ఉమ్మడి కర్మాగారం సి-130జె రవాణా విమానాల తోక భాగాలను తయారుచేస్తుంది. ఎగిరే విమానానికి దుమ్ము, వాన చినుకులు, మంచు రేణువుల రాపిడి వల్ల ఆవేశం అంటుకుంటుంది. సజాతి ఆవేశాలు ఒకదాని నుంచి ఒకటి వీలైనంత దూరం జరగాలని చూస్తాయి కనుక అవి రెక్కల, తోకల కొసలకు, మొనలకు చేరతాయి. ఆ కొసల వెనక అంచులకు సన్నని పుల్లల వంటివి బిగించి, వాటి మొనల నుంచి ఆవేశం చడీచప్పుడు లేకుండా గాలిలోకి జారిపోయేలా చేస్తారు, లేకపోతే రేడియోలో గరగర తప్ప మాట వినబడదు. మొన దగ్గర ఆవేశం గుమిగూడుతుందన్న ఈ సంగతి విమానానికి మేలే చేస్తుంది గాని, తాటిచెట్టు విషయంలో ముప్పు తెస్తుంది.

పెద్దచెరువు మీద ఏప్రిల్, మే నెలల సాయంత్రాల్లో కమ్ముకునే క్యుములోనింబస్ మేఘంలో మంచు స్ఫటికాలు, మెత్తని వడగళ్ళ వంటి గుళికలు ఢీకొనడం వల్ల ఆవేశాలు విడిపోతాయి. మేఘపు దిగువ భాగంలో రుణావేశం, పైభాగంలో ధనావేశం పోగవుతాయి. నేలకు ఆరు కిలోమీటర్ల ఎత్తులో 20 కూలుమ్‌ల రుణావేశం ఉందనుకుందాం. నేల వాహకం కనుక దాని మీద ధనావేశం ప్రేరితమై ఆ ప్రభావం రెండింతలవుతుంది. అయినా లెక్క కడితే నేల దగ్గర తేలే విద్యుత్ క్షేత్రం, అంటే అక్కడ ఉంచిన ఒక్కో కూలుమ్ ఆవేశం మీద పనిచేసే బలం, మీటరుకు పదివేల వోల్టులే. గాలిని తెంచడానికి కావలసింది 30 లక్షలు. మరి పిడుగు ఎలా దిగుతుంది? మేఘంలోని ఆవేశం నేల వరకు ఒకేసారి దిగదు. మేఘంలోనే పుట్టిన ఒక ఆవేశపు పాయ సుమారు యాభై మీటర్లకొక అడుగుగా ఆగి ఆగి కిందికి వస్తుంది, దాని కొస కింద ఏ చెట్టుందో ఏ మిద్దె ఉందో అన్నది చాలాదూరం దాకా దాని దారిని మార్చదు. దూరం ఎక్కువ కనుక కింది వస్తువుల ప్రభావం లెక్కలోకి రానంత తక్కువ. నేలకు వంద మీటర్లకు అటూ ఇటూగా వచ్చాక మాత్రం దూరం తగ్గినకొద్దీ క్షేత్రం ఉవ్వెత్తున లేచి, తాటిమొవ్వు, సెల్ టవరు, పొలంలో నిలబడ్డ మనిషి తల వంటి ఎత్తైన మొనల నుంచి ఎదురు పాయలు పైకి లేస్తాయి. వాటిలో ఏది ముందు కలిస్తే పిడుగు దానిది. అప్పుడు ప్రవహించే విద్యుత్తు సుమారు 30,000 ఆంపియర్లు. ఆ దారిలోని గాలి సూర్యుని ఉపరితలం కంటే ఐదింతలు వేడెక్కుతుంది, ఆ వేడికి గాలి ఒక్కసారిగా వ్యాకోచించడమే ఉరుము.

తెలుగు నేల మీద పిడుగుల సంఖ్య తక్కువదేమీ కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2018 ఏప్రిల్ 24న పదమూడు గంటల వ్యవధిలో 36,749 పిడుగులు పడినట్టు నమోదైంది. పుణేలోని భారత ఉష్ణమండల వాతావరణ సంస్థ రూపొందించిన దామిని అనే ఫోన్ యాప్ చుట్టుపక్కల పిడుగులు పడుతున్న చోట్లను చూపి హెచ్చరిస్తుంది. ఫోను లేనివారికి చెవులు చాలు: శబ్దం కిలోమీటరు ప్రయాణించడానికి సుమారు మూడు సెకన్లు పడుతుంది కనుక, మెరుపుకూ ఉరుముకూ మధ్య ముప్పై సెకన్ల లోపు వ్యవధి ఉంటే పిడుగు పది కిలోమీటర్ల లోపలే ఉన్నట్టు, మరుక్షణం ఇంటి లోపలికో కారు లోపలికో చేరవలసినట్టు.

చెట్టు కింద నిలబడడం అన్నిటికన్నా ప్రమాదం, ఎందుకంటే చెట్టును తాకిన పిడుగు పక్కనున్న మనిషి మీదికి దూకగలదు, నేలలో పరుచుకునే విద్యుత్తు ఎడంగా ఉంచిన రెండు కాళ్ళ మధ్య వోల్టేజి తేడాను కలిగిస్తుంది. పశువులకు ముందు కాళ్ళు, వెనక కాళ్ళు దూరంగా ఉండడమే ఒక్కో పిడుగుకు మంద మొత్తం కూలిపోవడానికి కారణం. కాబట్టి కల్లు గీతకు తాడెక్కినవారు, నాట్లలో ఉన్నవారు, గొర్రెలు కాసేవారు మొదటి ఉరుముకే పని ఆపి ఎత్తైన చెట్లకు, చెరువు గట్టుకు దూరంగా పోవాలి. దాపున ఇల్లేదీ లేకపోతే పల్లపు చోట రెండు పాదాలూ దగ్గరగా పెట్టి గొంతుకూర్చోవాలి, పడుకోకూడదు. ఆఖరి ఉరుము వినబడిన తర్వాత ముప్పై నిమిషాలు గడిచేదాకా తిరిగి చెట్టెక్కకూడదు, పొలంలో దిగకూడదు.